మిషను పెద్దదైతే ఆట బాగుంటుందా?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఇంజినీరింగు విద్యార్థులు, కొందరు తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళు వచ్చి కూర్చోండి. ఫ్యాను గాలి కూడా ఇక్కడే తగులుతుంది.

ఇవాళ ప్రశ్న ఒక్కటే. గేము కన్సోలుకి, అంటే టీవీకి తగిలించి ఆడుకునే మిషనుకి, శక్తి పెరిగితే ఆట బాగుపడుతుందా? కొత్త మిషను వచ్చిన ప్రతిసారీ మనకి ఒక అంకె చెప్తారు. టెరాఫ్లాప్స్, అంటే గ్రాఫిక్స్ చిప్పు సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చెయ్యగలదో చెప్పే అంకె. సోనీ ప్లేస్టేషన్ 4, అదే పీఎస్4కి 1.84. పీఎస్5కి 10.28. మైక్రోసాఫ్ట్‌వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి 12 పైచిలుకు. పీఎస్5 ప్రోకి 16.7. సరే, 1.84 దగ్గర్నుంచి 16.7 దాకా వచ్చాం. తొమ్మిది రెట్లు. మరి ఆటలు తొమ్మిది రెట్లు బాగుపడ్డాయా? నవ్వుతున్నారు. నవ్వడం సరే, ఎందుకు బాగుపడలేదో చెప్పాలి కదా.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు నిలదీయొచ్చు. శక్తి అక్కర్లేదని నేననను. మిషనులో ఏ భాగానికి శక్తి పెరిగింది, దాన్ని దేనిమీద ఖర్చు పెట్టారు? అడగాల్సింది ఇది. బొమ్మ మీద పెడితే బొమ్మ బాగుంటుంది. ఆడేవాడు చేసే పని మీద పెడితే ఆట మారుతుంది. ఈ రెండోదానికి కావలసినవి మెమరీ, డిస్కు, ప్రాసెసరు. వీటి గురించి అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో ఎవడూ వెయ్యడు.

ముందు ఒక లెక్క చూద్దాం. చిన్న లెక్కే. ఫుల్ హెచ్‌డీ బొమ్మ అంటే అడ్డంగా 1920 పిక్సెళ్ళు, అంటే రంగు చుక్కలు, నిలువుగా 1080. గుణిస్తే 20,73,600. ఫోర్‌కే అంటే 3840, 2160. గుణిస్తే 82,94,400. సరిగ్గా నాలుగు రెట్లు. అంటే ఏమిటి? అదే ఆటని, ఒక్క కొత్త శత్రువు లేకుండా, ఒక్క కొత్త వీధి లేకుండా, అదే ఆటని ఫోర్‌కేలో చూపించడానికే గ్రాఫిక్స్ చిప్పుకి దాదాపు నాలుగు రెట్ల పని పడుతుంది. పీఎస్4 నుంచి పీఎస్5కి ఎంత పెరిగింది? ఐదున్నర రెట్లు. అందులో నాలుగు రెట్లు ఇక్కడే హరించుకుపోయాయి. మిగిలిన కాస్తలోనే నీడలు, నీళ్ళలో ప్రతిబింబాలు, వెలుగు దారిని లెక్కకట్టి గీసే రే ట్రేసింగు, అన్నీ సర్దుకోవాలి. కంప్యూటర్ సైన్సు పిల్లలు చెయ్యెత్తకముందే చెప్తున్నాను: ఒక తరం చిప్పులో టెరాఫ్లాపు, ఇంకో తరం చిప్పులో టెరాఫ్లాపు ఒకే పని చెయ్యవు. కొత్తది కొంచెం ఎక్కువే చేస్తుంది. తక్కువ పిక్సెళ్ళతో బొమ్మ గీసి, సాగదీసి, ఫోర్‌కేలా చూపించే పద్ధతులూ ఉన్నాయి. ఒప్పుకుంటాను. అయినా ఖర్చు ఎటు పోతోందో మీకు అర్థమైంది కదా?

ఇంతా ఖర్చు పెట్టిన ఆ పిక్సెళ్ళు మన కంటికి ఆనతాయా? ఇంకో లెక్క. 43 అంగుళాల టీవీ తీసుకోండి, మన ఇళ్ళల్లో బాగా కనపడే సైజు. వెడల్పు 95 సెంటీమీటర్లు. 1920తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ అర మిల్లీమీటరు. మామూలు చూపున్న కన్ను ఒక ఆర్క్ నిమిషం కోణం దాకా విడదీసి చూడగలదు. డిగ్రీలో అరవయ్యో వంతు. అర మిల్లీమీటరు ఆ కోణంలోకి కుదించుకుపోయేది 1.7 మీటర్ల దూరంలో. ఐదున్నర అడుగులు. అంతకంటే వెనక కూర్చున్నారంటే ఫుల్ హెచ్‌డీ పిక్సెల్లే మీకు విడివిడిగా కనపడవు. ఇంక ఫోర్‌కే ఏం కనపడుతుంది? మన ఫ్లాటుల్లో సోఫాకీ టీవీకీ మధ్య ఎంతుంటుంది చెప్పండి. ఎనిమిది? తొమ్మిది? అదీ సంగతి. 55 అంగుళాలకైతే ఆ హద్దు ఏడడుగుల పైన వస్తుంది. రంగుల లోతు, వెలుగునీడల తేడాని పెంచి చూపే హెచ్‌డీఆర్, అవి వేరే. దూరం నుంచీ తెలుస్తాయి. పిక్సెళ్ళ సంగతి మాత్రం ఇంతే.

పిక్సెళ్ళు కాకపోతే శక్తి ఇంకెక్కడ పెట్టొచ్చు? ఫ్రేముల మీద పెట్టొచ్చు. సెకనుకి 30 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకి 33.3 మిల్లీసెకన్లు. 60 అంటే 16.7. 120 అంటే 8.3. ఆ గడువులోపల కంట్రోలరు బటను చదవాలి, శత్రువులు ఏం చెయ్యాలో తేల్చాలి, గుద్దుకోవడాలు చూడాలి, బొమ్మ గియ్యాలి. గడువు దాటితే ఏమవుతుంది? చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. 17 మిల్లీసెకన్లు పడితే 59 ఫ్రేములు వస్తాయిలే అనుకుంటారు. రావు. టీవీ అంటే మన ఆర్టీసీ కాంప్లెక్సులో గాజువాక బస్సు లాంటిది. అది కదిలాక మీరు అర నిమిషం ఆలస్యంగా వచ్చినా పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినా ఎక్కేది తర్వాతి బస్సే. 60 హెర్ట్జ్ టీవీ ప్రతి 16.7 మిల్లీసెకన్లకీ కదిలిపోతుంది. మీ బొమ్మ 17కి తయారైతే 33.3 దాకా ఆగాలి. చేతికి తగిలే ఆ కుదుపు అదే, మనవాళ్ళు ల్యాగ్ అంటారు. కొత్త టీవీల్లో వీఆర్ఆర్ అని ఉంటుంది. బొమ్మ తయారయ్యేదాకా టీవీయే కాసేపు ఆగుతుంది. అది ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది.

ఆడేవాళ్ళకి ఇందులో ఏది ముఖ్యం? పీఎస్5ని రూపొందించిన మార్క్ సెర్నీ 2024 సెప్టెంబరులో ప్రోని పరిచయం చేస్తూ తనే చెప్పాడు. మంచి బొమ్మ కావాలా, ఎక్కువ ఫ్రేములు కావాలా అని ఆట అడిగితే నాలుగింట మూడు వంతులు ఫ్రేముల వైపే మొగ్గుతున్నారట. కంపెనీవాళ్ళ మాటే ఇది. బొమ్మని చూసి కొంటున్నారు, కొన్నాక బొమ్మని తగ్గించుకుని ఆడుతున్నారు!

ప్రాసెసరు, మెమరీ, డిస్కు

ప్రాసెసరు గురించి చెప్తాను, తొందరగా చెప్తాను. పీఎస్4 లోపల ఉన్నది జాగ్వార్ అనే చిన్నపాటి ప్రాసెసరు. ఎనిమిది కోర్లు, 1.6 గిగాహెర్ట్జ్. 2016లో పీఎస్4 ప్రో వచ్చింది. గ్రాఫిక్స్ 1.84 నుంచి 4.2కి పెంచారు. రెండు రెట్లు దాటింది. ప్రాసెసరు? 1.6 నుంచి 2.13కి. మూడో వంతు. అందుకే చాలా ఆటలు ప్రో మీద నునుపుగా కనపడ్డాయే గానీ, 30 ఫ్రేముల ఆట 30 ఫ్రేముల ఆటగానే ఉండిపోయింది. పీఎస్5 ప్రో కథా అంతే. గ్రాఫిక్స్ అరవై శాతం పెరిగింది, ప్రాసెసరు మామూలు పీఎస్5లో ఉన్న జెన్ 2 రకమే, కావాలంటే పది శాతం వేగం పెంచుకోవచ్చు. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ వచ్చింది గుర్తుందా? పారిస్ వీధుల్లో వేలమంది జనం. ఆ జనాన్ని నడిపించాల్సింది గ్రాఫిక్స్ చిప్పు కాదండీ, ప్రాసెసరు. బలమైన పీఎస్4 మీదా, బలహీనమైన ఎక్స్‌బాక్స్ వన్ మీదా ఒకే 900 గీతల బొమ్మ, ఒకే 30 ఫ్రేముల లక్ష్యం. అదీ రెండుచోట్లా తడబడింది. జనం కనపడ్డారు, ఆట నలిగింది.

ఇప్పుడు మెమరీ. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే శక్తి పెరిగితే ఆట నిజంగా మారుతుందనడానికి మంచి సాక్ష్యం ఇక్కడే ఉంది. మైన్‌క్రాఫ్ట్ ఆడనివాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? పెద్దవాళ్ళని అడగట్లేదు లెండి. 2012లో అది ఎక్స్‌బాక్స్ 360 మీదకి వచ్చినప్పుడు ప్రపంచం ఎంత? 864 దిమ్మెలు పొడవు, 864 దిమ్మెలు వెడల్పు. అంతే. అక్కడికి వెళ్తే గోడ. ఎందుకు? ఆ మిషనులో మొత్తం మెమరీ 512 మెగాబైట్లు. ఆట తవ్వడం గురించి, తిరగడం గురించి. అలాంటి ఆటకి గోడ కట్టాల్సి వచ్చింది. పీఎస్4లో 8 గిగాబైట్లు, అంటే 16 రెట్లు. అక్కడ ప్రపంచం 5120కి 5120 అయింది. విస్తీర్ణం లెక్కేసుకోండి, 35 రెట్లు. బొమ్మ మారిందా? మారలేదు, అవే దిమ్మెలు. ఆట మారిందా? మారింది. ఒక గుహలో మొదలుపెట్టినవాడు ఇప్పుడు గంటల తరబడి ఒక్కవైపే నడుచుకుంటూ పోవచ్చు.

ఉన్న మెమరీని ఎలా పంచారన్నది కూడా ముఖ్యమే. పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360, రెండింటికీ 512 మెగాబైట్లే. 360లో అది ఒకే కుండ. ఆటకి ఎంత కావాలంటే అంత, బొమ్మకి ఎంత కావాలంటే అంత. పీఎస్3లో 256 ఆటకి, 256 గ్రాఫిక్స్‌కి, మధ్యలో గోడ. కాగితం మీద పీఎస్3 సెల్ ప్రాసెసరుదే పైచెయ్యి. 2011లో స్కైరిమ్ వచ్చింది. ఆ ఆటలో మీరు ఏ కత్తి ఎక్కడ పడేశారో, ఏ పెట్టె తెరిచారో అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. ఆడేకొద్దీ సేవ్ ఫైలు పెరుగుతుంది. పెరిగేకొద్దీ పీఎస్3 మీద ఆట నత్తనడక నడిచింది. ఎక్స్‌బాక్స్ 360 మీద 2012 జూన్‌లో వచ్చిన డాన్‌గార్డ్ అనే అదనపు భాగం పీఎస్3కి చేరేసరికి 2013 ఫిబ్రవరి. శక్తి ఎక్కువున్న మిషనులోనే ఇబ్బంది. దగ్గర్లోని ఉదాహరణ బాల్డర్స్ గేట్ 3. 2023 సెప్టెంబరులో పీఎస్5కి వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కి డిసెంబరు దాకా రాలేదు. కారణం ఎక్స్‌బాక్స్‌లోనే చవక రకమైన సిరీస్ ఎస్. ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే ఏర్పాటు అందులో పట్టలేదు. సిరీస్ ఎస్ మెమరీ 10 గిగాబైట్లు, అందులో వేగమైనది 8. ఇద్దరు ఆటగాళ్ళు రెండు వేర్వేరు ఊళ్ళలో తిరుగుతుంటే రెండు ఊళ్ళూ మెమరీలో ఉండాలి కదా? చివరికి ఆ ఏర్పాటు తీసేసి విడుదల చేశారు. మళ్ళీ 2025లో గానీ అందులోకి రాలేదు. బొమ్మ తగ్గించడం తేలిక. నాణ్యత తగ్గించండి, పిక్సెళ్ళు తగ్గించండి, అయిపోతుంది. మెమరీ చాలకపోతే ఆటలోంచి ఒక ముక్క కొయ్యాల్సిందే.

డిస్కు సంగతి. పీఎస్4లో ఉన్నది 5400 చుట్లు తిరిగే మామూలు హార్డు డిస్కు. సెకనుకి 50 నుంచి 100 మెగాబైట్లు చదువుతుంది. అదీ వరసగా ఉంటే. ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే దాని ముల్లు ప్రతిసారీ వెతుక్కుంటూ పోవాలి. ఆ వెతుకులాట తప్పించడానికి ఏం చేశారో తెలుసా? ఒకే వస్తువుని డిస్కు మీద పదేపదే రాశారు. పీఎస్4 స్పైడర్‌మ్యాన్‌లో వీధిలోని పోస్టు డబ్బా లాంటి మామూలు వస్తువుల డేటా డిస్కు మీద దాదాపు 400 చోట్ల ఉందని సెర్నీ 2020 మార్చిలో చెప్పాడు. ఒక్క డబ్బా, 400 నకళ్ళు! మీరు డౌన్‌లోడ్ చేసుకున్నదాంట్లో అవి కూడా ఉన్నాయి. ఇంకో కిటుకు లిఫ్టు. 2007 నాటి మాస్ ఎఫెక్ట్‌లో లిఫ్టు ఎక్కితే దిగడానికి అంతసేపు ఎందుకు పట్టేది? పై అంతస్తు ఇంకా డిస్కు మీంచి వస్తోంది కాబట్టి. ఇరుకు సందుల్లో పక్కకి తిరిగి జరుగుతూ పోవడాలు, బరువైన తలుపు మెల్లగా ఎత్తడాలు, చాలావరకు అన్నీ ఇవే. పీఎస్5లోది తిరిగే డిస్కు కాదు, చిప్పులతో చేసిన ఎస్ఎస్‌డీ, సెకనుకి 5.5 గిగాబైట్లు. పాతదానికి యాభై రెట్ల పైమాట. ముల్లు లేదు, వెతుకులాట లేదు, 400 నకళ్ళు అక్కర్లేదు. పీఎస్5లో అన్నిటికంటే గొప్ప మార్పు ఏది అంటే నేను ఇదే అంటాను. 10.28 అంకె కాదు. చచ్చిపోయిన వెంటనే మళ్ళీ మొదలుపెట్టగలగడం, కష్టమైన ఆటలో అదెంత పెద్ద మార్పో ఆడేవాళ్ళకి తెలుసు. పాత మిషనులో అర నిమిషం లోడింగు తెర చూస్తూ కూర్చుంటే మీ తప్పేంటో మర్చిపోతారు.

క్యాసెట్ల కాలం

ఇక్కడ కొందరు పెద్దవాళ్ళు తలలూపుతున్నారు. క్యాసెట్టు తీసి ఊది పెట్టిన తరం. ఆ రోజుల్లో ఆటలే వేరండీ అని వాళ్ళ మనసులో మాట. సరే, దాన్నీ చూద్దాం.

తొంభైల్లో మన ఇళ్ళకి వచ్చిన టీవీ గేములు చాలావరకు నింటెండో ఫ్యామికామ్‌కి నకళ్ళు. క్యాసెట్టు మీద పేరుకి లక్షల ఆటలు, మెనూలో కిందకి పోయేకొద్దీ అవే మళ్ళీ మళ్ళీ. అసలు ఫ్యామికామ్ 1983 నాటిది. పని చెయ్యడానికి దాని మెమరీ 2 కిలోబైట్లు. మెగాబైట్లు కాదు, కిలోబైట్లు. 1985 నాటి సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు. అందులో బొమ్మలకి ఎనిమిదే. అందుకే పైన మేఘం, కింద పొద, రెండూ ఒకే బొమ్మ. రంగు మారుస్తారంతే. ఇవాళ ఇంటికెళ్ళి చూడండి.

కాంట్రా అనే తుపాకుల ఆటని ఇద్దరు ఆడుతున్నప్పుడు బుల్లెట్లు, మనుషులు మిణుకుమిణుకుమనేవి గుర్తుందా? అడాప్టరు పోయిందనుకునేవాళ్ళం మనం. అడాప్టరు కాదు. ఆ చిప్పు తెర మీద కదిలే ముక్కలు మొత్తం 64 గీయగలదు, ఒక అడ్డగీత మీద మాత్రం ఎనిమిదే. ముక్క వెడల్పు 8 పిక్సెళ్ళు. 16 పిక్సెళ్ళ మనిషికి రెండు ముక్కలు పోతాయి. అంటే ఒకే ఎత్తులో నలుగురు నిలబడితే కోటా అయిపోయింది. ఐదోవాడు వస్తే? ఐదోవాణ్ణి చిప్పు గియ్యదు. మాయం. శత్రువు కనపడకుండా చంపేస్తే ఆడేవాడు ఊరుకుంటాడా? అందుకని ప్రోగ్రామరు ఏం చేస్తాడంటే, ఫ్రేము ఫ్రేముకీ వరస మారుస్తాడు. ఈ ఫ్రేములో ఐదోవాడు మాయమైతే, వచ్చే ఫ్రేములో మొదటివాడు. సెకనుకి 60 సార్లు ఇలా మారుతుంటే మనకి అందరూ కనపడతారు, కాకపోతే మిణుకుతారు. ఆ మిణుకు లోపం కాదు, లోపాన్ని సమానంగా పంచిన తెలివి.

ఇంకొకటి. 1978 స్పేస్ ఇన్వేడర్స్. ఇది కన్సోలు కాదు, ఆర్కేడు మిషను. తోమోహిరో నిషికాదో చేశాడు. వరసకి 11 చొప్పున ఐదు వరసలు, 55 మంది శత్రువులు. ఇంటెల్ 8080 ప్రాసెసరు, 2 మెగాహెర్ట్జ్. 55 మందినీ ఒకేసారి కదపలేదు. ఒక ఫ్రేముకి ఒక్కణ్ణే కదుపుతుంది. సెకనుకి 60 ఫ్రేములు కాబట్టి అందరూ ఒక్క అడుగు వెయ్యడానికి దాదాపు సెకను పడుతుంది. మీరు కాలుస్తున్నారు. 30 మంది మిగిలారు. ఇప్పుడు అర సెకనుకే ఒక అడుగు. పదిమంది మిగిలారు, ఇంకా జోరు. ఒక్కడు మిగిలాడు, వాడు ప్రతి ఫ్రేముకీ కదులుతాడు, తారాజువ్వలా. గెలిచేకొద్దీ ఆట బిగుసుకోవడం, ఆ ఉత్కంఠ, నీరసమైన ప్రాసెసరు ఇచ్చిందే. నిషికాదో దాన్ని సరిచెయ్యకుండా అలాగే ఉంచాడు. వేగమైన చిప్పు పెట్టుంటే 55 మందీ మొదట్నుంచీ ఒకే తీరుగా కదిలేవాళ్ళు.

అయితే ఇక్కడో మాట. దీన్ని పట్టుకుని "చూశారా, తక్కువ శక్తే మంచిది" అనకండి. అదీ తప్పే. ఫ్యామికామ్ మీద వందల కొద్దీ ఆటలు వచ్చాయి, మనకి గుర్తున్నవి ఎన్ని? పదో ఇరవయ్యో. మిగతావన్నీ అదే 2 కిలోబైట్లలో చేసిన చెత్తే. పరిమితి ఉన్నంత మాత్రాన ఆట రాదు. కొన్ని ఆటలైతే శక్తి లేకపోతే పుట్టవు. 1996లో నింటెండో 64 మీద సూపర్ మారియో 64, త్రీడీలో అన్నివైపులా పరిగెత్తడం, పాత మిషను మీద ఎంత తెలివున్నా రాదు. 2006లో డెడ్ రైజింగ్, మాల్ నిండా వందల జాంబీలు, మధ్యలోంచి తోసుకుంటూ పోవాలి. జనం పల్చగా ఉంటే అసలు ఆ ఆటే లేదు. అక్కడ శక్తి బొమ్మకి కాదు, గుంపుకి పోయింది.

ఇప్పుడు ఎదురు ఉదాహరణ. 2023 మేలో వచ్చిన టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ అనే ఆట. నింటెండోవాళ్ళ స్విచ్ మీద. స్విచ్ 2017 నాటిది, 4 గిగాబైట్ల మెమరీ, అప్పటికే ఆరేళ్ళు పాతబడ్డ మిషను. అందులో దుంగలు, చక్రాలు, ఫ్యాన్లు అతికించి మీ సొంత బండి కట్టుకోవచ్చు, అది నిజంగా నడుస్తుంది, బరువు తప్పితే తిరగబడుతుంది. పీఎస్5 ఆటల్లో ఎన్నింట్లో ఉంది ఇది? ఆ మిషను మీద ఎలా సాధ్యమైంది? దీనికి ముందు వచ్చిన భాగంలోని భూభాగాన్నే మళ్ళీ వాడుకున్నారు. ఆట అనుకున్నదానికంటే ఆలస్యం చేసి 2022 నుంచి 2023కి జరిపారు. ఫ్రేములు కొన్నిచోట్ల పడిపోతాయి, అదీ నిజమే. అక్కడ ఖర్చయింది టెరాఫ్లాపులు కాదు, మనుషుల సమయం.

మనుషుల సమయం అన్నాను కాబట్టి డబ్బు గురించి ఒక మాట. శక్తి పెరిగినప్పుడు ప్రతి వస్తువునీ ఇంకా వివరంగా చెయ్యాలి. చేసేది మిషను కాదు, మనుషులు. 2023లో అమెరికా కోర్టులో బయటపడ్డ కాగితాల ప్రకారం ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2కి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కి 21 కోట్ల పైన ఖర్చయింది. ఒక్క ఆటకి. అంత డబ్బు పెట్టినవాడు కొత్త ఆలోచన మీద పందెం కాస్తాడా? కాయడు. నడిచిన ఆటకే రెండో భాగం, మూడో భాగం తీస్తాడు. శక్తి పెరిగితే ఆటల్లో ధైర్యం తగ్గడానికి నా దృష్టిలో పెద్ద కారణం ఇదే.

కాబట్టి ఆటలు చెయ్యాలనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. మీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదని ఆగకండి. పికో-8 అని ఒకటుంది. అది నిజం మిషను కాదు, ఊహా కన్సోలు. కావాలని పరిమితులు పెట్టారు: 128కి 128 పిక్సెళ్ళ తెర, 16 రంగులు, క్యాసెట్టు 32 కిలోబైట్లు, కోడు 8192 టోకెన్లు, అంటే పదాలు, గుర్తులు, దాటకూడదు. విద్యార్థుల కోసం బ్రౌజరులో ఉచితంగా నడిచేది కూడా ఉంది. సెలెస్టె అనే ఆట మొదట దానిమీదే పుట్టింది, నాలుగు రోజుల్లో. 2018లో పెద్ద ఆటగా వచ్చింది. ఆ ఆట కోడులో ఒక చిన్న వరస చెప్తాను: అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళాక కూడా 0.1 సెకను పాటు, అంటే ఆరు ఫ్రేముల పాటు, దూకడానికి ఒప్పుకుంటుంది. ఆడేవాడు "నేను నొక్కాను, ఇది దూకలేదు" అని తిట్టుకోడు. దానికి ఎన్ని టెరాఫ్లాపులు కావాలి? ఒక టైమరు చాలు. ముందు 0.1 పెట్టి ఆడండి, తర్వాత సున్నా పెట్టి ఆడండి, తేడా మీ బొటనవేలికి తెలుస్తుంది. మన దేశంలోనూ, పుణేలో చేసిన రాజి అనే ఆట 2020లో మొదట విడుదలైంది స్విచ్ మీదే.

ఇక తల్లిదండ్రులకి. కొనేముందు, కొన్నాక చెయ్యాల్సినవి గబగబా చెప్పేస్తాను, హాలు టైము అయిపోతోంది. మొదటిది, టీవీలో గేమ్ మోడ్. సినిమా మోడ్‌లో టీవీ బొమ్మని నగిషీలు చెక్కి చూపిస్తుంది, కొన్ని టీవీల్లో ఆ ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటుతుంది. 60 ఫ్రేముల లెక్కలో ఆరు ఫ్రేములు. లక్ష రూపాయల కన్సోలు కొన్నా ఈ ఒక్క సెట్టింగు మార్చకపోతే ఆట బరువుగానే ఉంటుంది. రిమోటులో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకే గేమ్ మోడ్ పెట్టాలి. ఒక పోర్టుకి పెడితే ఇంకోదానికి రాదు చాలా టీవీల్లో. రెండోది, పీఎస్5 సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా అండ్ గేమ్/యాప్ సెట్టింగ్స్, అందులో గేమ్ ప్రీసెట్స్, అక్కడ పెర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకోండి. దీన్ని పట్టించుకునే ఆటల్లో మళ్ళీ విడిగా మార్చక్కర్లేదు. మూడోది వేడి. పీఎస్5 పనిచెయ్యాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు అని సోనీయే చెప్తుంది. మన మే నెలలో మూసిన టీవీ క్యాబినెట్ లోపల 35 ఎప్పుడో దాటుతుంది. పెద్ద ఆట ఆడుతుంటే అది 200 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది, ఆ వేడంతా వెనక నుంచే పోవాలి. అద్దం తలుపులున్న అలమరలో పెట్టకండి. బీచ్ రోడ్డు వైపు, ఎంవీపీ వైపు ఉండేవాళ్ళు కిటికీ పక్కన అసలే పెట్టకండి, ఉప్పు తేమ దుమ్ముతో కలిసి ఫ్యాను రెక్కలకి పేరుకుంటుంది.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ నీలం చొక్కా తమ్ముడు.

పీఎస్5 ప్రో కొనాలా అని అడుగుతున్నాడు. 2024 నవంబరులో అది విడుదలైనప్పుడు మన దేశానికి రాలేదు. అందులోని వై-ఫై 7కి కావలసిన 6 గిగాహెర్ట్జ్ బ్యాండుకి ఇక్కడ అనుమతి లేకపోవడం కారణమన్నారు. బయటి నుంచి తెప్పించుకున్నదానికి ఇక్కడ వారంటీ సంగతి ముందే కనుక్కో తమ్ముడూ. అదీకాక ప్రాసెసరు అదే కదా, ఇందాక చెప్పాను. మీ ఇంట్లో టీవీ ఎంత? 43 అంగుళాలా? మరి ఐదున్నర అడుగుల లెక్క మర్చిపోయావా!

అమ్మా, మీరు. డిస్కు నిండిపోతోందట, బయట యూఎస్‌బీ డిస్కు పెట్టొచ్చా అంటున్నారు. పెట్టొచ్చండీ, కానీ పీఎస్5 ఆటలు దానిమీద దాచుకోవచ్చంతే, ఆడలేరు. పీఎస్4 ఆటలు మాత్రం దానిమీంచే ఆడొచ్చు. పీఎస్5 ఆటలకైతే లోపల ఎం.2 డిస్కు, అంటే సన్న పట్టీలా ఉండే ఎస్ఎస్‌డీ, వేయించండి. పెట్టె మీద పీసీఐఈ జెన్ 4 అని ఉండాలి, వేగం 5500 మెగాబైట్లు ఆపైన. హీట్‌సింక్, అంటే వేడిని లాగేసే లోహపు పలక, తప్పనిసరి, లేకపోతే వేడెక్కి నెమ్మదిస్తుంది. షాపులో పెద్ద హీట్‌సింక్ ఉన్నది అంటగడతారు, కంప్యూటరుకి అది బాగానే ఉంటుంది. మీరు మాత్రం పెట్టె మీద ఎత్తు చూసి తీసుకోండి. మొత్తం ఎత్తు 11.25 మిల్లీమీటర్లు దాటితే లోపలి మూత పట్టదు.